సరిహద్దునకు ఇరువైపుల ఒకే రక్తము

మన సంఘ భవనమున గ్రంథాలయపు గోడకు ఒక పాత ఛాయాచిత్రము వ్రేలాడుచుండుట సభ్యులందరు ఎరిగినదే. అది 1958వ సంవత్సరమున ఉగాదినాడు తీసినది. 43 మంది పెద్దలు మూడు వరుసలుగా నిలిచియున్నారు; రెండవ వరుసలో ఎడమనుండి అయిదవవారు మా తండ్రిగారు. పింఛను పుచ్చుకొన్న గుమాస్తాకు లెక్కపెట్టుట తప్ప వేరొక విద్య తెలియదు గనుక, ఒకనాడు పత్రిక చదువుటకు వచ్చి, ఆ 43 మందిలో పొట్ట ముందుకు వచ్చినవారెందరో లెక్కించితిని. నలుగురు. ఆ నలుగురును కలిగిన ఇండ్లవారే. పోయిన సంవత్సరము అదే మెట్లమీద మనము తీయించుకొన్న చిత్రమును ప్రక్కన పెట్టుకొని అట్లే లెక్కింప మొదలిడి, నా వరకు వచ్చుసరికి మానివేసితిని.

ఈ ప్రసంగము వచ్చినపుడెల్ల మనవారిలో రెండే సమాధానములు వినబడును. "మా వంశమే అంత" అనునది ఒకటి. "నోరు కట్టుకొనలేకపోయె" అనునది రెండవది. మొదటిది తన్నుగూర్చి చెప్పుకొనునది. రెండవది ఎదుటివారినిగూర్చి చెప్పునది. నా మేనకోడలికి సంబంధములు చూచుచున్న దినములలో మూడు ఇండ్లవారు పిల్ల లావని తిరిగి వెళ్లిరి. మూడవవారు వెళ్లిన సాయంకాలము మా చెల్లెలితో నేనే, "ఏమి చేయుదుమమ్మా, వాళ్ల నాయనమ్మ పోలిక" అంటిని. పిల్ల వంటయింటిలోనుండి వినుచున్నదని నాకు తెలియదు. ఆ మాటకు నేనిపుడు సిగ్గుపడుచున్నాను. అది అబద్ధమని కాదు. అందు సగమే నిజమని తరువాత తెలిసినది. ఎక్కడో అమెరికా ఖండపు ఎడారిలో ఒక చిన్న జాతికి జరిగిన చరిత్రను చదువగా తెలిసినది. దానిని ఈ సంచికలో వ్రాయ ననుమతించిన సంపాదకవర్గమువారికి కృతజ్ఞుడను.

అంత దూరపు చరిత్ర మనకేల యని అడుగవచ్చును. మన ఊరివారికి సరిహద్దు అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి, గంజాము సీమ చెన్నపట్నపు ఏలుబడినుండి విడివడినపుడు మా తాతగారు ఇంటి అరుగు దిగలేదు. సరిహద్దే వచ్చి ఆయనను దాటిపోయినది. టెక్కలి దగ్గర పల్లెలో మా మేనత్తగారి కుటుంబము గీత కావల నిలిచినది. మేము బరంపురములో ఈవల నిలిచితిమి. నేను చెప్పబోవు జాతికిని ఇట్టిదే జరిగినది. ఒకే రక్తము, దగ్గరి భాష, నడుమ ఒక గీత. మనుష్యుని లావునకు కారణము రక్తమా, పరిసరమా అను ప్రశ్నకు ఏ ప్రయోగశాలలోను చేయరాని పరీక్షను చరిత్రయే అచ్చట చేసిపెట్టినది.

ఆ జాతిని లోకము పీమా ఇండియనులని పిలుచును. వారు తమ్ము పిలుచుకొను పేరు 'అకిమెల్ ఓదమ్', నదీజనులని అర్థము. స్పెయిను దేశపువారు మొదట వచ్చి ఏవో ప్రశ్నలు వేయగా, ఈ జనులు తమ భాషలో "తెలియదు" అన్నారనియు, ఆ మాటయే పీమా యని వారికి పేరైనదనియు చెప్పుదురు. దీనికి మనము నవ్వరాదు. తమిళులు మనలను 'వడుగర్' అనిరి, అనగా ఉత్తరమువారని. తెల్లవారు మన భాషను 'జెంటూ' అనిరి. పేరు పెట్టువాడు ఎల్లపుడును పొరుగువాడే.

వారి నది పేరు గిలా. ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో అరిజోనా అను రాష్ట్రమున, వాన మిక్కిలి తక్కువగా కురియు ఎడారిలో అది పారెడిది. ఆ ఎడారిలో వేయి సంవత్సరములకు పూర్వమే వారి పూర్వులు పార పలుగు లేక, కొయ్య కఱ్ఱలతో త్రవ్వి మైళ్లకొలది కాలువలు తీసిరి. మొక్కజొన్న, గుమ్మడి, ప్రత్తి, 'టెపారి' అను చిన్న చిక్కుడు జాతి గింజ పండించిరి. ఆ గింజ ఒక్క తడికే కాపునకు వచ్చునట. నదిలో చేపలు, ఎడారిలో జెముడు పండ్లు, 'మెస్కీట్' అను ముండ్లచెట్టు కాయల పిండి వారి ఆహారము. మెస్కీట్ అనగా మనకు క్రొత్త కాదు. మన చెరువుగట్ల నాక్రమించిన సర్కారు తుమ్మ దాని దగ్గరి చుట్టమే. మనము పొయ్యిలోనికి తప్ప పనికిరాదనుకొన్న చెట్టు కాయను దంచి వారు రొట్టె చేసికొనిరి.

చరిత్ర వ్రాసికొనుటకు వారికి లిపి లేకుండెను. కాని పెద్దలలో కొందరు ఒక కఱ్ఱమీద ఏటేట గంట్లు కోసి, ఏ గంటు ఏ సంవత్సరమో, ఆ ఏట ఏమి జరిగినదో నోటితో చెప్పెడివారు. 1833వ సంవత్సరమున ఆకాశమునుండి ఉల్కలు జల్లుగా రాలిన రాత్రినుండి ఆ గంట్ల లెక్క మొదలగుచున్నది. ఫ్రాంక్ రస్సెల్ అను పండితుడు 1901-02లో వారి నడుమ నివసించి ఆ కఱ్ఱలను చదివించుకొని గ్రంథస్థము చేసెను. దస్తావేజుల నడుమ జీవితము గడపిన నాకు ఈ సంగతి చదివినపుడు కలిగిన సంతోషమును దాచుకొనలేను.

1690 దశాబ్దిలో కీనో అను స్పెయినుమత గురువు వచ్చెను. అతనితోను, అతని వెనుక వచ్చినవారితోను గోధుమ వచ్చెను. నదీజనులు గోధుమలో ఆరితేరిరి. 1849లో కాలిఫోర్నియా బంగారమునకై ఎడారి దాటుచు ఆకలితో వచ్చిన వేలకొలది తెల్లవారికి దారిలో తిండిపెట్టి నిలిపినది వీరే. తరువాత అమెరికా అంతర్యుద్ధ కాలమున సైన్యమునకు లక్షల పౌనుల గోధుమ అమ్మిరి. బీదజాతి యనుకొనరాదు, ఆ ప్రాంతపు అన్నదాత లని చెప్పదగినవారు.

ఆ నడుమనే గీత వచ్చినది. 1848లో మెక్సికో యుద్ధము ముగిసినపుడు గిలా నదియే రెండు దేశములకు సరిహద్దయ్యెను. అయిదేండ్లకే, 1853 నాటి ఒడంబడికతో, అమెరికావారు నదికి దక్షిణపు నేలను కొని సరిహద్దును ఇంకను క్రిందికి నెట్టిరి. గిలా ఒడ్డువారు అందరును ఆ దేశమున పడిరి. వారి జ్ఞాతులు కొందరు ఎన్నో శతాబ్దులుగా దక్షిణముగా సొనోరా రాష్ట్రపు కొండలలో, మైకోబా అను పల్లె చుట్టును బ్రతుకుచుండిరి. వారు మెక్సికోలోనే ఉండిపోయిరి. ఈ మైకోబాను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దాని అవసరము నూటనలువది యేండ్ల తరువాత వచ్చును.

1859లో గిలా ఒడ్డున కొంత నేలను పీమాలకు కేటాయించి ప్రభుత్వము గిరిగీసెను. నేల ఇచ్చిరే కాని నీటిని ఇచ్చినట్లు ఎచ్చటను వ్రాయలేదు. తరువాతి రెండు దశాబ్దులలో ఎగువను తెల్లవారి ఊళ్లు వెలసెను. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క కాలువ త్రవ్వుకొనెను. 1880 దశాబ్దిలో ఫ్లోరెన్స్ అను ఊరి కడ తీసిన పెద్ద కాలువతో దిగువకు వచ్చు నీరు దాదాపు నిలిచిపోయెను. నీటిపారుదల కచేరీలో 34 సంవత్సరములు గుమాస్తాగా నున్నవాడను నేను. కాలువ చివరి రైతు అర్జీ ఎట్లుండునో నాకు తెలియును. ఎగువవాడు దొంగ కాడు, తన మడికి తాను నీరు పెట్టుకొనును; దిగువవాని మడి ఎండును; అర్జీ దస్త్రములో చేరును; దస్త్రము బీరువాలో చేరును. పీమాల అర్జీలును అట్లే చేరినవి. 1870 మొదలు 1910 వరకు నడచిన ఆ నలువది యేండ్లను వారు నేటికిని కరవుకాలమని చెప్పుకొందురు. పంట పోయినవారు మెస్కీట్ చెట్లను కొట్టి కట్టెలుగా పట్టణములకు అమ్మి పొట్టపోసికొనిరి. పిండి ఇచ్చిన చెట్టు పోయినది. నదితో చేపలు పోయినవి.

ప్రభుత్వము చేసిన ఉపకారము తిండి పంచుట. తెల్ల గోధుమపిండి, పంచదార, పందికొవ్వు, తరువాతి కాలమున డబ్బా మాంసము, జున్ను. ఆ పిండిని ఆ కొవ్వులో వేయించిన రొట్టెయే ఇప్పుడు అమెరికా ఆదిమజాతుల తిండియని పేరుపొందినది. నిజమునకు అది సర్కారు మూటలనుండి పుట్టినది. 1924లో చట్టము చేసి, 1928 నాటికి కూలిడ్జ్ ఆనకట్ట కట్టించిరి. ఆశించిన నీరు అందలేదు. రెండవ ప్రపంచయుద్ధముతో పడుచువారు సేనకును కార్మాగారములకును పోయిరి. 1945లో ఇవోజిమా దీవిలో ధ్వజమెత్తిన సైనికుల చిత్రమును చూడనివారు అరుదు. అందు ఐరా హేస్ అనువాడు పీమా జాతివాడే. యుద్ధము నుండి తిరిగివచ్చినవారి చేతిలో జీతము, ఇంటిముందు కారు, అంగడిలో దొరకు తిండి. పొలము పని లేదు. రెండు తరములలో ఒక జాతి నదినుండి అంగడికి వచ్చినది.

ఇక శరీరముల సంగతి. ఇచ్చట ఒక చిక్కు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. పైన చెప్పిన రస్సెల్ 1902 నాటికే పీమా వృద్ధులలో కొందరు లావుగా ఉండిరని గమనించి వ్రాసెను. సన్నగా, నరాలు తేలియుండు ఇండియనుల నడుమ ఇది వింతగా తోచుచున్నదని అతని భావము. నీరు పోయి, సర్కారు పిండి వచ్చిన తరువాతి మాట యిది యని కొందరందురు. ఆ జాతి స్వభావమునకు తొలి సాక్ష్యమని కొందరందురు. నా మట్టుకు రెండును నిజము కావచ్చుననియే తోచుచున్నది. 1937లో ఎలియట్ జాస్లిన్ అను ప్రసిద్ధ వైద్యుడు అరిజోనా ఇండియనులను విచారించి, మధుమేహము వారిలో ఇతరులలోకంటె అధికము కాదని 1940లో ప్రకటించెను. ఇరువది మూడేండ్లు గడచినవి. 1963లో జాతీయ ఆరోగ్య సంస్థవారు కీళ్లవాతమును పరీక్షించుటకై పీమాల కడకు వచ్చి, వెదకినదానికి మారుగా మధుమేహమును చూచి నిర్ఘాంతపోయిరి. 1965లో మొదలిడి 2007 వరకు, అయిదేండ్లు నిండిన ప్రతివారిని రెండేండ్లకొకమారు పరీక్షించుచు వచ్చిరి. ముప్పదియైదేండ్లు దాటినవారిలో సగముమందికి ఆ వ్యాధి కలదని తేలినది. స్థూలకాయమే దానికి ముందు నడచుచుండెను.

నాకు మధుమేహము కలదని తెలిసిన దినమున, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీరు త్రాగించి రెండు గంటలు బల్లమీద కూర్చుండబెట్టిరి. రెండు గంటలపిమ్మట రక్తములో చక్కెర 200 దాటినచో మధుమేహమని లెక్క. ఆ 200 అను అంకె ఎట్లు నిర్ణయమైనది? లోకమంతటికిని ఆ గీటు గీయుటకు ముఖ్యమైన ఆధారములలో ఒకటి ఈ పీమా జనుల రక్తపు లెక్కలే. ఆనాడు నాకది తెలియదు. తెలిసియున్నచో ఆ రెండు గంటలు గోడమీది గడియారమును చూచుచు విసుగుకొనకయుందును.

1962లో జేమ్స్ నీల్ అను జన్యుశాస్త్రజ్ఞుడు ఒక ఊహ ప్రకటించెను. దానిని నేను గుమాస్తా భాషలో చెప్పుదును. శరీరమునకును జమాఖర్చు పుస్తకము కలదు. తిన్నది జమ, చేసిన పని ఖర్చు, మిగిలినది కొవ్వుగా నిలువ. కరవులు తరచుగా వచ్చు కాలమున, దొరకినపుడు గబగబ నిలువ చేసికొను శరీరమే బ్రతికి బిడ్డలను కనును. అట్టి పొదుపరి గుణము తరతరములకు దిగివచ్చును. కరవే రాని కాలము వచ్చినపుడు ఆ పొదుపే శత్రువగును. నిలువ పెరుగుచునే యుండును, తీయు దినము రాదు. వినుటకు ఇంపైన మాట. పీమాలే దానికి ఉదాహరణమని లోకమంతయు చెప్పసాగినది.

ఇంపైనదంతయు నిజము కానక్కరలేదు. నీలే తరువాతి కాలమున తన ఊహను సవరించుకొనెను. పీమాల రక్తములో 'పొదుపరి జన్యువు' అను ఒక్కటి దొరకునని దశాబ్దులు వెదకిరి; అట్టి ఒక్కటి దొరకలేదు. కాలువలు తీసి వేయి యేండ్లు వ్యవసాయము చేసిన జాతి నిరంతరము ఆకలితోనే ఉండెనని చెప్పుటయు అంత సులభము కాదు. అయినను "వారి రక్తమే అంత" అను మాట పుస్తకములలో స్థిరపడిపోయినది. నదిని మళ్లించిన సంగతి క్రింద చిన్న అక్షరములలోనికి పోయినది.

ఇప్పుడు మైకోబాకు పోవుదము. ఎరిక్ రవుసాన్ అను పండితుడును అతని తోడివారును 1990 తరువాత ఆ కొండపల్లెకు వెళ్లిరి. అచ్చటి పీమాలు గిలా పీమాలకు దగ్గరి జ్ఞాతులు. మొక్కజొన్న, చిక్కుళ్లు, దుంపలు వారి ఆహారము. పొలమున చేతిపని, కొండబాటలలో నడక, రంపపుకోతల కడ కూలి. అపుడపుడే బాట పడుచున్నది; కరెంటు లేదు. 35 మందిని తూచి కొలిచి 1994లో ఫలితము ప్రకటించిరి. గిలా పీమాల సగటు బరువు 90 కిలోగ్రాములు. మైకోబా పీమాల సగటు 64. ఇరువదియారు కిలోగ్రాముల భేదము! ఎత్తునుబట్టి బరువును లెక్కించు సూచికలో గిలావారికి 33, మైకోబావారికి 25.

ముప్పదియైదుగురు చాలరని అనుకొనువారు ఉందురు. 2006లో మరల పెద్ద లెక్క వెలువడినది. మైకోబా పీమాలలో స్థూలకాయులు పురుషులలో నూటికి 7, స్త్రీలలో 20. గిలా పీమాలలో పురుషులలో నూటికి 64, స్త్రీలలో 75. మధుమేహము మైకోబాలో నూటికి 7 మందికి, గిలాలో 38 మందికి. మైకోబా పీమాలకును, అదే ఊరి పీమాలు కాని మెక్సికనులకును స్థూలకాయములో పెద్ద భేదమే లేదు. ఏ రక్తమును లోకమంతటిలో దోషిగా నిలిపిరో, అదే రక్తము కొండపల్లెలో పొరుగువారి రక్తమువలెనే నడచుకొనుచున్నది.

దీనితో వంశముమాట కొట్టివేయవచ్చునా? నేనును కొంతకాలము అట్లే తలచితిని. తరువాత రెండు పరిశోధనలు చదివి వెనుకకు తగ్గితిని.

ఒకటి కెనడాదేశమున క్వెబెక్కులో జరిగినది. క్లోడ్ బుషార్ అను పండితుడు ఒకే అండమునుండి పుట్టిన కవలలను పండ్రెండు జతలు, పడుచువారిని తెచ్చి, వారానికి ఆరు దినములచొప్పున నూరు దినములపాటు ప్రతివానికిని అవసరముకంటె వేయి కేలరీలు అదనముగా తినిపించెను. అందరికిని అదనము ఒక్కటే. కాని ఒకడు నాలుగు కిలోగ్రాములు పెరిగెను, ఒకడు పదుమూడు. అంతకంటె వింత, అన్న ఎంత పెరిగెనో తమ్ముడును ఇంచుమించు అంతే పెరిగెను. ఈ ఫలితము 1990లో వెలువడినది. ఒక పంక్తిలో కూర్చుండి ఒకే విస్తరి తిన్నను లెక్క ఒక్కటి కాదని మన పెండ్లిపందిళ్లలో మనమెరుగనిది కాదు. దానిని కాటాలో తూచి చూపినవాడు ఆయన.

రెండవది డెన్మార్కుదేశపుది. దత్తతకు పోయిన 540 మందిని స్టంకార్డ్ అను వైద్యుడు 1986లో విచారింపగా, వారి లావు సన్నములు కన్న తలిదండ్రులను పోలియున్నవి, పెంచినవారిని పోలలేదు. ఆ దేశమున దత్తతల పుస్తకములు తప్పులేకుండ వ్రాసియుంచినందుననే ఈ విచారణ సాధ్యమైనది. ఆ పుస్తకములు వ్రాసిన గుమాస్తాల పేరు ఎవరికిని తెలియదు; ఈ సంచికలోనైనను వారికొక నమస్కారము.

2007లో బ్రిటనులో 'ఎఫ్.టి.ఓ.' అను జన్యువు నొకదానిని గుర్తించిరి. దాని ఒక రూపమును తల్లినుండియు తండ్రినుండియు పొందినవారు, అసలు పొందనివారికంటె సుమారు మూడు కిలోగ్రాములు బరువు తూగుదురు. ఐరోపావారిలో ఆరుగురికొకరు అట్టివారు. తరువాత అట్టివి నూర్లకొలది దొరకినవి, ఒక్కొక్కటి ఇంకను కొద్దికొద్దిగా. శరీరశ్రమ చేయువారిలో ఆ ఎఫ్.టి.ఓ. ప్రభావము సుమారు నాలుగవవంతు తగ్గునని 2011లో తేలినది.

ఈ రెండు వైపుల సాక్ష్యమును ఎట్లు కలుపుట? రెండు తరములలో జన్యువులు మారవు. మా తండ్రిగారి నెత్తురే నాలో ఉన్నది, 1958 చిత్రమునకును నిన్నటి చిత్రమునకును నడుమ రక్తము మారలేదు. కనుక జాతి మొత్తము ఏల లావెక్కినదని అడిగినచో సమాధానము పరిసరమే. ఆ పరిసరములో ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు ఎంత యని అడిగినచో అందు వంశమునకు పెద్ద పాలు కలదు. మనవారు తగవులాడునపుడు ఒకరు మొదటి ప్రశ్నకును మరియొకరు రెండవ ప్రశ్నకును సమాధానము చెప్పుచుందురు. వంశము చమురు, పరిసరము నిప్పు అని నేననను. ఏది చమురో ఏది నిప్పో చెప్పుట అంత సులభము కాదని ఈ క్రింది సంగతివలన తెలియును.

పీమా స్త్రీలలో కొందరికి కొందరు బిడ్డలు పుట్టిన తరువాత మధుమేహము వచ్చినది, ఆపై మరికొందరు బిడ్డలు పుట్టిరి. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు. తల్లికి వ్యాధి రాకముందు పుట్టిన బిడ్డలకంటె, వచ్చిన తరువాత పుట్టిన బిడ్డలు పెద్దయినపిమ్మట లావుగాను, మధుమేహమునకు ఎక్కువ లోనగువారుగాను ఉండిరని 2000 సంవత్సరమున ప్రకటించిరి. ఇది వంశమా, పరిసరమా? గర్భమే శిశువునకు మొదటి పరిసరము. నది ఎండినది తాత కాలమున. దాని ఫలము గర్భములో మనుమనికి అందుచున్నది. చూచువారికి అది రక్తమువలెనే కనబడును.

దీనిని చదివిన దినములలోనే మా మేనకోడలు కడుపుతో పుట్టినింటికి వచ్చినది. నాలుగవ సంబంధము కుదిరి పెండ్లయినదని పైన చెప్పుట మరచితిని. గర్భిణులకు చేయు చక్కెర పరీక్షలో ఆమెకు ఎక్కువగా వచ్చినది. ఆ గ్లూకోజు నీరు త్రాగి ఆమె కూర్చున్న రెండు గంటలును ప్రక్కన నేనుంటిని. "మామయ్యా, ఇదియు నాయనమ్మ పోలికయేనా?" అని అడిగినది. నవ్వుచునే అడిగినది. నాకు మాటరాలేదు. తరువాత ఈ పీమా కథయంతయు ఆమెకు చెప్పితిని. వైద్యురాలు చెప్పిన తిండి తిని, చెప్పినంత నడచి, సుఖముగా ప్రసవించినది. ఆడపిల్ల.

మన దేశమునకును ఇట్టి లెక్కలు లేకపోలేదు. పూనాలో యాజ్ఞిక్ అను వైద్యుడు అచ్చటి శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టను శిశువులతో పోల్చి 2003లో ప్రకటించెను. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోగ్రాములు, వారివి 3.5. కాని మన శిశువులలో కండ తగ్గినంతగా చర్మము క్రింది కొవ్వు తగ్గలేదు. చూపునకు బక్కపిల్ల, లోపల కొవ్వు. అందువలననే ఆసియావారికి బరువు సూచికలో 23 దాటినపుడే జాగ్రత్తపడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో సూచించినది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సూచిక 25 గాని అంతకుమించి గాని ఉన్నవారు పుదుచ్చేరిలో నూటికి 46, తమిళనాడులో 40, ఆంధ్రప్రదేశములో 36, కర్ణాటకములో 30, మహారాష్ట్ర ఒడిశాలలో 23. యానాము మొదలు షోలాపురము వరకు మనవారు నివసించు సీమలే యివి. సర్వేవారు భాషనుబట్టి లెక్కింపరు గనుక అందు తెలుగువారి పాలెంతో తెలియదు. కాని తెలుగువారు ఏ సీమలోనున్నను ఆ సీమ అంగడి, ఆ సీమ తీరిక, ఆ సీమ రోడ్డు వారికిని పట్టియుండునని తలచుట తప్పు కాదు. మన ఒడిశా అంకె తక్కువ గదాయని సంతసింపవద్దు. పల్లెల బీదతనమును అందు కలిసియున్నది. 1958 నాటి చిత్రములో సన్ననివారందరును ఆరోగ్యవంతులని నేననుకొనుటలేదు. మా తండ్రిగారికి ఆ ఏడు రెండు పూటల అన్నము ఉండుట దుర్లభమని మా అమ్మ చెప్పెడిది.

టెక్కలి వద్ద మా మేనత్త కొడుకు, నాకు బావ, నాకంటె రెండేండ్లు పెద్దవాడు. ముప్పదియేండ్లు మేమిద్దరము ప్రక్కప్రక్క నిలిచిన ప్రతి చిత్రములోను అతడు సగము, నేను ఒకటిన్నర. "కచేరీ అన్నము బావా!" అని నా పొట్టను తట్టెడివాడు. పదేండ్లక్రితము దుక్కికి ట్రాక్టరు వచ్చినది, కొడుకు మోటారు సైకిలు కొన్నాడు, గానుగనూనె పోయి అంగడినూనె వచ్చినది, సాయంకాలపు జంతికలు పొట్లములలో వచ్చుచున్నవి. మొన్న సంక్రాంతికి వెళ్లినపుడు అతనికి నా చొక్కా సరిపోయినది. మైకోబాలోను ఇంతే జరిగినది. బాట పడి, కరెంటు వచ్చి, అంగళ్లు వెలసిన తరువాత 2010లో మరల తూచి చూడగా అచ్చటి పీమాలలోను, వారి పొరుగువారిలోను స్థూలకాయము పెరిగియుండెను. రంపపుకోతల కడకు ఇప్పుడు బండిలో పోవుచున్నారు.

గిలా పీమాల కథకు ఇంకొక అధ్యాయము కలదు. వారు అర్జీలు మానలేదు. న్యాయస్థానములలో దశాబ్దులు పోరాడగా, 2004లో అమెరికా ప్రభుత్వము నీటి ఒప్పందపు చట్టము చేసినది. దానినిబట్టి ఏటేట 6,53,500 ఎకరపుటడుగుల నీరు వారిది. ఒక ఎకరమున అడుగు లోతు నిలుచు నీరు ఒక ఎకరపుటడుగు. మా కచేరీ లెక్కలో అది చిన్న నది. అందు పెద్దపాలు కొలరాడో నదినుండి 336 మైళ్ల కాలువమీద ఎడారి దాటి వచ్చుచున్నది. కాలువలు మరల కట్టుకొనుచున్నారు. టెపారి చిక్కుడు విత్తనములను పాత డబ్బాలలో దాచియుంచిన ఇండ్లవారు కొందరుండగా, వానినుండి మరల పొలములు వేసిరి. గింజలు సంచులకెత్తి దూరపు ఊళ్లకును అమ్ముచున్నారు. బరువు తగ్గినదా యని అడుగుదురేమో. నలువది యేండ్లలో పోయిన నీరు తిరిగి వచ్చుటకు నూరేండ్లకు పైబట్టినది; శరీరముల లెక్క అంత త్వరగా తేలదు. వారి ఊళ్లకడ గిలా నదిలో మాత్రము ఏడాదిలో ఎక్కువ దినములు ఇసుకయే.